పాఠశాలల ఇంటర్నెట్టునకు సర్కారు సహాయము

నెల్లూరు జిల్లా బోగోలు మండలమునందలి జువ్వలదిన్నె సముద్రపుటొడ్డున నున్న గ్రామము. అచ్చట చేపల రేవు నిర్మింపబడినది. రేవు పనులు కంటి కగపడునవి గావున వానికైన వ్యయమును గూర్చి గ్రామస్థులు ప్రశ్నించుటయు సులభమే. బడికి వచ్చు ఇంటర్నెట్టు అట్టిది కాదు. తీగ సన్నము, దానిలో బోవునది కానరాదు, దాని రుసుమును ఎవరు చెల్లించుచున్నారో తల్లిదండ్రులలో చాలమందికి దెలియదు. అందుచే నీ మాసము సేద్యపు విషయముల నొకింత ప్రక్కనుంచి, ఇట్టి తీరగ్రామముల రైతులకును, మత్స్యకారులకును ఉపయోగించునట్లు ఈ సహాయమును గూర్చి వ్రాయ నిశ్చయించితిమి.

ముందుగా ఈ ధన మెచ్చటిదో చూతము. ఇది ఢిల్లీవారు దయదలచి యిచ్చు దానము కాదు. టెలిఫోను కంపెనీలు తమ రాబడిలో నూటికి 5 వంతున 2002 ఏప్రిలు 1వ తేదీనుండి ఒక ప్రత్యేక నిధికి కట్టుచున్నవి. సార్వత్రిక సేవా బాధ్యతా నిధి యని దానికి పేరు. 2003లో దానికి చట్టబలము గలిగెను. 2023 నాటి టెలికమ్యూనికేషన్ల చట్టముచే నదియే డిజిటల్ భారత్ నిధి యైనది. లాభము చాలని పల్లెలకు కంపెనీలు తమంత తాము రావు గనుక, ఆ లోటును ఈ నిధినుండి పూడ్చుట యుద్దేశము. కంపెనీలు కట్టుచున్న వన్నమాటయే గాని, ఆ సొమ్ము మనము సెల్లుఫోనునకు వేయించుకొను రీచార్జిలోనిదే గదా! కావున బడికి తీగ కావలెనని యడుగుట యాచన కాదు. వసూలైన దానిలో పెద్ద భాగము ఏండ్ల తరబడి వ్యయము గాక నిలిచియుండుటయు నిచ్చట జెప్పదగియున్నది.

2011 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వమువారు రెండున్నర లక్షల గ్రామపంచాయతీలకు ఫైబరు తీగ వేయుట కీ నిధినుండి వ్యయము చేయ నంగీకరించిరి. 2015 నుండి దానిని భారత్ నెట్ అనుచున్నారు. మన రాష్ట్రమున 2015లో ఫైబర్ నెట్ కంపెనీ యేర్పడెను. భూమి త్రవ్వుటకు ఖర్చు హెచ్చు గనుక, కరెంటు స్తంభములమీదనే తీగను లాగించి పనిని త్వరగా సాగించిరి. 2017 డిసెంబరు 27వ తేదీన రాష్ట్రపతి శ్రీ రామనాథ్ కోవింద్ గారు ప్రారంభించిరి. నెలకు 149 రూపాయలకే ఇంటర్నెట్టు, టెలిఫోను, టెలివిజను మూడును ఇత్తుమని నాడు ప్రకటించిరి. ఉపాయము మంచిదే. కాని స్తంభము పడిన తీగయు బడును. ఉప్పుగాలి ఇనుమును దినివేయు తీరమున, 2023 డిసెంబరు 5న బాపట్ల చెంత తీరము దాటిన మిచౌంగు వంటి తుపానులు వచ్చు చోట, తీగ వేయుటకంటె నిలబెట్టుకొనుటయే కష్టము. మరమ్మతు సొమ్మును లెక్కలో చేర్చని సహాయము సగము సహాయమని మా యభిప్రాయము.

పంచాయతీ కార్యాలయమునకు వచ్చిన తీగ బడికి వచ్చినట్లు గాదు. మేజరు కాలువ నిండుగ బాఱినను, పంటబోదె లేనిచో మడి తడియదు. 2025 ఫిబ్రవరి 1వ తేదీన కేంద్ర బడ్జెటులో, గ్రామములందలి ప్రభుత్వ సెకండరీ పాఠశాలల కన్నిటికిని భారత్ నెట్ ద్వారా ఇంటర్నెట్టు నిత్తుమనిరి. ప్రాథమిక పాఠశాలల మాట అందులో లేదు. దేశమునందలి బడులలో నూటికి 53.9 బడులకు 2023-24లో ఇంటర్నెట్టు ఉండెను. 2024-25లో నది 63.5 అయ్యెను. మన రాష్ట్రమున 2022 డిసెంబరు 21వ తేదీన మొదలిడి ఎనిమిదవ తరగతి పిల్లలకు ట్యాబులు పంచినప్పుడు, ఇంటర్నెట్టు లేకున్నను చదువుకొనునట్లు పాఠములను ముందే అందులో నింపి యిచ్చిరి. తీగమీద నమ్మకము ఎంతవఱకో దీనివలననే తెలియుచున్నది.

ఇక అసలు చిక్కు నెలసరి రుసుము. సమగ్ర శిక్షా పథకము క్రింద కంప్యూటరు గది యేర్పాటునకు ఒక బడికి 6 లక్షల 40 వేల రూపాయల వఱకును, నడుపుటకు ఏటేట 2 లక్షల 40 వేల వఱకును గ్రాంటు కలదు. కాని ఈ రెండవది అయిదేండ్లే. ఆఱవ యేట ఎవరు కట్టవలెను? బావి త్రవ్వించుట కప్పిచ్చి, మోటారు కరెంటు మాట మఱచినట్లున్నది. అప్పుడు మిగులునది బడికి ఏటా వచ్చు కాంపోజిట్ గ్రాంటు. నూటికి మించి 250 వఱకు పిల్లలున్న బడికి అది 50 వేలు. అందు పదవ వంతు పారిశుద్ధ్యమునకు తప్పక వెచ్చింపవలెను. మిగిలిన 45 వేలలో సుద్దముక్కలు, మరమ్మతులు, కరెంటు బిల్లు, ఇంటర్నెట్టు అన్నియు జరుగవలెను. ఇంటర్నెట్టు బిల్లు నెలకు వేయి రూపాయలనుకొందము: ఏడాదికి 12 వేలు, అనగా నాలుగవ వంతునకు మించినది. కిటికీ రెక్కయా, ఇంటర్నెట్టా యని ప్రధానోపాధ్యాయుడు తేల్చుకొనవలసివచ్చిన, కిటికీయే గెలుచును. మేము తప్పుపట్టజాలము.

అమెరికాలో దీనిని వేఱు రీతిని నడుపుచున్నారు. 1996 నాటి చట్టము ననుసరించి 1998 నుండి బడులకు, గ్రంథాలయములకు ఈ-రేట్ అను రాయితీ నిచ్చుచున్నారు. అచ్చటను ధనము టెలిఫోను కంపెనీలు కట్టు నిధినుండియే వచ్చును. మొదట ఏడాదికి 225 కోట్ల డాలర్లు పరిమితిగా నేర్పరచిరి. రాయితీ నూటికి 20 మొదలు 90 వఱకు. ఎవరి కెంత యనునది నిర్ణయించుటకు వారు చూచునది, ఆ బడిలో ఉచితముగనో తగ్గింపు ధరకో మధ్యాహ్న భోజనమునకు అర్హులైన పిల్లలెందఱనునది! బీదల బడికి హెచ్చు, కలవారి బడికి తక్కువ. మిగిలిన భాగము బడియే కట్టుకొనవలెను. ఏ కంపెనీనుండి కొనవలయునో కనీసము 28 దినములు ధరలు పిలిచి బడివారే తేల్చుకొనవలెను. ఈ రాయితీ అయిదేండ్లతో ముగియునది కాదు. అచ్చటి ప్రభుత్వ పాఠశాలల తరగతి గదులలో 1994లో నూటికి 3 గదులకు ఇంటర్నెట్టు ఉండగా, 2005 నాటికి 94 గదులకు వచ్చెను. టెండర్లలో కూడబలుకుకొని జరిమానాల పాలైన కంపెనీలును లేకపోలేదు. నిధి వసూలే చెల్లదని వేసిన దావాను 2025 జూనులో ఆ దేశపు సుప్రీముకోర్టు త్రోసివేసినది. మన సభ్యులకు నచ్చు మఱియొక మాట: 1949 అక్టోబరులో అచ్చటి ప్రభుత్వము పల్లెలలో టెలిఫోను తీగలు వేయుటకై సహకార సంఘములకు గూడ అప్పు లిచ్చుటకు చట్టము చేసెను. రైతులు తామే సంఘములుగ జేరి టెలిఫోను నడుపుకొనిరి.

మన ప్రాథమిక పరపతి సంఘముల లెక్కలను కంప్యూటరులో నెక్కించుటకు కేంద్రమువారు 2022 జూనులో పథక మంగీకరించిరి. ఆ పథకము చేరిన సంఘము తన కార్యాలయమునకు ఎట్లును తీగను తెచ్చుకొనవలసినదే. తీగను తెచ్చుకొనుచుండగనే దారిలోని బడికిని కలిపించుటకు కంపెనీతో మాటలాడవచ్చును; మహాజనసభ అంగీకరించినచో కొంత రుసుమును భరింపవచ్చును. అంతకుముందు పాఠశాల యాజమాన్య కమిటీలోని మన సభ్యులు ప్రధానోపాధ్యాయుని వద్ద కాంపోజిట్ గ్రాంటు లెక్కను చూచి, కంప్యూటరు గ్రాంటు ఏ సంవత్సరమున మొదలైనదో, ఏ సంవత్సరమున ముగియునో వ్రాసికొని రావలెను. తుపాను కాలమున తీగ తెగినచో ఎన్ని దినములలో కలుపుదురో కంపెనీనుండి కాగితముమీద వ్రాయించుకొనుట అవసరము. ఈ వివరములను రాబోవు మహాజనసభకు ముందుగ కార్యదర్శిగారి కందజేసినచో, వానిని చర్చాంశములలో చేర్పించుటకు వీలగును.