తుప్పు పట్టని ఉక్కుకు టంకం

ఆక్లాండ్ తూర్పు శివారైన బోటనీ డౌన్స్‌లోనైనా, మన బెజవాడలోనైనా, సరదాకు నమూనా విమానాలు నిర్మించేవారికి ఒకే చిక్కు ఎదురవుతుంది. చిన్న పెట్రోలు ఇంజనులోని స్పార్క్ ప్లగ్ వద్ద పుట్టే ప్రతి నిప్పురవ్వా రేడియో తరంగాలను వెదజల్లుతుంది. 1887లో హెర్ట్జ్ ఆ తరంగాల ఉనికిని నిరూపించినది ఇటువంటి రవ్వలతోనే. ఈ రొద విమానాన్ని నడిపే రేడియో సంకేతాలకు అడ్డుపడకుండా ప్లగ్ తీగకు లోహపు అల్లిక తొడుగుతారు. అది స్టెయిన్‌లెస్ స్టీలుదైతే ప్లగ్ టోపీకి అతకడం కష్టం. అతుకు వదిలితే విమానం అదుపు తప్పవచ్చు.

ఈ ఉక్కులో కనీసం 10.5 శాతం ఉండే క్రోమియం ఆక్సిజన్‌తో కలిసి కంటికి కనబడని పొర కడుతుంది. తుప్పును ఆపే ఆ పొరే టంకాన్నీ అంటనీయదు. రేడియో పనులలో వాడే రోజిన్ దానిని తొలగించలేదు.

ఇత్తడి గిన్నెలకు కళాయి పూసేవారు నవాసారం చల్లడం పెద్దలకు గుర్తుండే ఉంటుంది. వేడికి దాని నుండి వెలువడే హైడ్రోక్లోరిక్ ఆమ్లం లోహాన్ని శుభ్రపరచగా తగరం పట్టుకుంటుంది. స్టీలుకూ అదే సూత్రం. మందు మాత్రం ఫాస్ఫారిక్ ఆమ్లం వంటి ఘాటైనది కావాలి. గరుకు కాగితంతో రుద్ది, వెంటనే ఆమ్లాన్ని పలుచగా పూసి, 221 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద కరిగే తగరం-వెండి టంకాన్ని పారించాలి. కళ్ళకు అద్దాలు, గదికి ధారాళమైన గాలి తప్పనిసరి.

అతికిన తరువాత వంటసోడా నీటితోను, మంచినీటితోను కడిగి ఆరబెట్టాలి. అల్లికలో మిగిలిన ఆమ్లం నెమ్మదిగా అతుకునే తినివేయగలదు. కడిగిన ఉక్కుపై రక్షణపొర మరల దానంతట అదే ఏర్పడుతుంది.