చక్రపు మూలుగు – బేరింగు పరీక్ష

కారు గంటకు 60 కిలోమీటర్ల వేగముతో పోవుచున్నదనుకొందము. చక్రపు వ్యాసము 60 సెంటీమీటర్లయినచో చుట్టుకొలత సుమారు 1.9 మీటర్లు. కారు నిమిషమునకు ఒక కిలోమీటరు పోవును గనుక చక్రము దాదాపు 530 సార్లు తిరుగవలెను. ముందు చక్రమునకు, తిరుగని ఇరుసునకు నడుమ నుండి ఈ పనిని సాధ్యము చేయునవి బేరింగులు. ఉక్కు ఉంగరముల మధ్య గుండ్లో, రోలర్లో దొర్లుటచే ఘర్షణ తగ్గును.

మలుపులలో చక్రముపై ప్రక్కనుండి కూడ ఒత్తిడి పడును. ఈ రెండు ఒత్తిళ్లను ఓర్చు ఏటవాలు రోలర్ల బేరింగునకు 1898లో అమెరికాలో హెన్రీ టిమ్‌కెన్ పేటెంటు పొందెను. పెక్కు పాత కార్ల ముందు చక్రములలో ఇట్టివి జతగా నుండును.

ఆయిల్ సీలు చెడి నీరు, దుమ్ము లోనికి చేరినచో ఉక్కుపై సన్నని గుంటలు పడును. రోలరు గుంటను దాటినపుడెల్ల చిన్న దెబ్బ తగులును. ఈ దెబ్బలన్నియు కలిసి మూలుగువలె వినబడును. వేగముతోపాటు అదియు హెచ్చును.

అయితే ఆ మూలుగు బేరింగుదేనని ఎట్లు తెలియును? అనుమానములను ఒక్కొక్కటిగా తొలగించవలెను. క్లచ్చి నొక్కగా ఇంజను వేగము పడిపోయినను చప్పుడు మారనిచో అది ఇంజనుది కాదు. రోడ్డు మారగానే చప్పుడు బాగుగా మారినచో టైరును అనుమానింపవలెను. గరిమనాభి నేలకు పైనుండుటచే, ఎడమకు తిరుగునపుడు కారు బరువు కుడి చక్రములపైకి మొగ్గును. అప్పుడు మూలుగు హెచ్చినచో దోషము తరచుగా కుడివైపున నుండును.

పిదప కారును జాకీతో ఎత్తి, తప్పక స్టాండుపై నిలిపి, చక్రమును పైన, క్రింద పట్టి ఊపుడు. అది కదలినచో మరియొకరిని బ్రేకు నొక్కుమనుడు. కదలిక ఆగినచో లోపము బేరింగునందే. ఆగనిచో స్టీరింగు, సస్పెన్షన్ కీళ్లను చూడవలెను.

బేరింగును విప్పి కిరసనాయిలుతో కడిగి ఆరబెట్టుడు. గుంటలుగాని, వేడికి నీలిరంగుగాని కనబడినచో రోలర్లను, వెలుపలి ఉంగరమును కలిపి మార్చవలెను. పాత బ్రేకులలో ఆస్బెస్టాస్ ఉండవచ్చును గనుక ఆ దుమ్మును ఊదక తడిగుడ్డతో తుడువవలెను. క్రొత్త గ్రీజును రోలర్ల సందులలోనికి ఎక్కించి, క్రొత్త సీలు వేయవలెను. మారుతి 800 వంటి కార్లలోని బాల్ బేరింగులను ప్రెస్సుతో ఎక్కింతురు. హబ్బులోనికి ఎక్కించునపుడు వెలుపలి ఉంగరముపైననే ఒత్తవలెను. లోపలి ఉంగరముపై ఒత్తినచో ఆ బలము గుండ్లద్వారా పోయి, క్రొత్త బేరింగునకే గుంటలు పడును.

ఏటవాలు రోలర్లకు నట్టు బిగింపు కీలకము. చక్రమును త్రిప్పుచునే బిగించి, పిదప కంపెనీ పుస్తకములో చెప్పినంత వదల్చి, క్రొత్త కాటర్ పిన్ వేయవలెను. వదులైనచో చక్రము ఊగును. కాని గట్టిగా బిగించుట క్షేమమనుకొనరాదు. వేడికి లోహము వ్యాకోచించి, ఉన్న కొద్దిపాటి సందును పూడ్చును. రోలర్లు కాలి పట్టివేయును. పరుగెత్తు కారులో చక్రము ఊడిపోవుటకు అదియు ఒక దారియే. అందుచే మూలుగు వినిపించిననాడే పరీక్ష చేయుట మేలు.