పాట నిలిచే చోటు

పాట పుట్టిన మరుక్షణమే గాలిలో కలసిపోతుంది. దానిని పట్టి నిలపాలన్న కోరిక మానవునికి ప్రాచీన కాలం నుండి ఉన్నది. పట్టిన ధ్వనిని తిరిగి వినిపించే ఫోనోగ్రాఫును 1877లో థామస్ ఎడిసన్ రూపొందించడంతో ఆ కోరిక ఫలించింది. పదేళ్ళకు ఎమిల్ బెర్లినర్ బల్లపరుపు పలకపై ధ్వనిని ముద్రించే గ్రామఫోనును కనుగొన్నాడు. 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ గానాన్ని ఆ పలకలపై రికార్డు చేశారు. ఆ తరువాత ఎల్.పి. రికార్డు, క్యాసెట్టు, కాంపాక్ట్ డిస్కు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. నేడు స్ట్రీమింగ్ అనే అంతర్జాల ప్రసారం వలన కోరిన పాట క్షణంలో చేతిఫోనులో వినబడుతున్నది. మరొకవైపు పాత వినైల్ రికార్డులకు ఆదరణ మళ్ళీ పెరుగుతున్నది. ఈ రెండింటి నడుమ కాంపాక్ట్ డిస్కుకు, అనగా సీడీకి, ఇంకా ప్రయోజనం ఉన్నదా? శ్రీకాకుళం జిల్లాలోని పలాస, టెక్కలి, ఉద్దానం తీరాలను దృష్టిలో ఉంచుకొని ఈ ప్రశ్నను పరిశీలించవచ్చు.

ముందుగా ఈ మూడు సాధనాలు పనిచేసే తీరును తెలుసుకోవాలి. వినైల్ రికార్డులో ధ్వని తరంగపు ఆకారమే సన్నని గాడిగా చెక్కబడి ఉంటుంది. ఆ గాడిలో ముల్లు నడచినప్పుడు కలిగే కంపనమే పాటగా మారుతుంది. 1948లో వచ్చిన ఎల్.పి. రికార్డు నిమిషానికి ముప్పైమూడుంబావు కంటె కొంచెం ఎక్కువ చుట్లు తిరుగుతూ ఒక్కొక్క వైపున ఇరవై నిమిషాలకు పైగా పాడుతుంది. అయితే ముల్లు తగిలిన ప్రతిసారీ గాడి కొద్దికొద్దిగా అరుగుతుంది.

సోనీ, ఫిలిప్స్ సంస్థలు కలసి రూపొందించిన సీడీ 1982 అక్టోబరులో జపానులో విపణిలోకి వచ్చింది. దీని వ్యాసం 12 సెంటీమీటర్లు, మందం 1.2 మిల్లీమీటర్లు. ధ్వని తరంగాన్ని సెకనుకు 44,100 సార్లు కొలిచి, ఆ కొలతలను అంకెలుగా మార్చి, కంటికి కనిపించని గుంటల రూపంలో దీనిపై ముద్రిస్తారు. లోపలి అంచు నుండి వెలుపలికి చుట్టలు చుట్టుకొని సాగే ఆ గుంటల బాటను విప్పి పరిస్తే అయిదు కిలోమీటర్లకు మించుతుంది. లేజరు కిరణం దానిని తాకకుండానే చదువుతుంది కనుక ఎన్నిసార్లు విన్నా పలక అరగదు. స్ట్రీమింగులో పాట శ్రోత వద్ద ఉండదు. ఎక్కడో దూరాన ఉన్న కంప్యూటరులో ఉంటుంది. కోరినప్పుడు అక్కడి నుండి ప్రవాహంలా ఫోనుకు చేరుతుంది. త్వరగా చేరడానికి పాటలోని కొంత సమాచారాన్ని తగ్గించి పంపడం సాధారణ పద్ధతి. ఏమీ తగ్గించకుండా అందించే సేవలు కూడా ఇప్పుడు ఉన్నాయి. అందువలన ధ్వని నాణ్యత ఒక్కటే సీడీ విలువను నిర్ణయించజాలదు.

విపణి లెక్కలు సీడీకి అనుకూలంగా లేవు. 1987 తరువాత మొదటిసారిగా 2022లో అమెరికాలో సీడీల కంటె వినైల్ రికార్డులు ఎక్కువ సంఖ్యలో అమ్ముడుపోయాయి. తెలుగునాట ఒకప్పుడు వందకు పైగా పాటలు పట్టే ఎంపీత్రీ డిస్కులు ఊరూరా దొరికేవి. 2016 తరువాత ఫోనులో అంతర్జాలం చౌక కావడంతో ఆ దుకాణాలు తెరమరుగయ్యాయి. కొత్త ల్యాప్‌టాపులలో సీడీ పెట్టే అర కూడా సాధారణంగా ఉండడం లేదు.

స్ట్రీమింగు చేసిన మేలును కాదనలేము. ఉపాధికై హైదరాబాదు, చెన్నై, ముంబయి నగరాలకు, గల్ఫ్ దేశాలకు వెళ్ళిన ఉద్దానం వారు నేడు తమ ప్రాంతపు పాటను ఉన్నచోటనే వినగలుగుతున్నారు. 2020లో విడుదలైన ‘పలాస 1978’ చలనచిత్రం ద్వారా ఉత్తరాంధ్ర జానపద బాణీలు దూరప్రాంతాలకు కూడా చేరాయి. అయితే స్ట్రీమింగులోని పాట శ్రోత సొత్తు కాదు. చందా ఉన్నంతకాలం, సంస్థల ఒప్పందం నిలిచినంతకాలం వినడానికి లభించే అనుమతి మాత్రమే. 2023 మార్చిలో ఒప్పందం కుదరని కారణంగా జీ మ్యూజిక్ పాటలు స్పాటిఫై నుండి కొంతకాలం తొలగిపోయాయి. 2024లో వింక్ మ్యూజిక్ అనే సేవ మూతపడింది.

ప్రకృతి కూడా ఇదే పాఠాన్ని మరొక విధంగా నేర్పింది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస సమీపాన తీరం దాటింది. ఉద్యానవనంలా ఉండటం చేత ఉద్దానమన్న పేరు పొందిన ఆ సీమలో కొబ్బరి చెట్లు, జీడిమామిడి తోటలు నేలకొరిగాయి. విద్యుత్ స్తంభాలు కూలి ఎన్నో గ్రామాలు రోజుల తరబడి చీకటిలో మునిగాయి. ఫోను సంబంధాలు తెగిపోయాయి. విద్యుత్తు లేనిదే సీడీ కూడా పాడదన్నది నిజమే. కాని బ్యాటరీతో నడిచే చిన్న యంత్రం ఉంటే చాలు. దూరపు కంప్యూటరుతో దానికి పని లేదు. వాననీటిలో తడిసిన సీడీని మంచినీటితో కడిగి, మెత్తని గుడ్డతో తుడిచి ఆరబెడితే తరచుగా మళ్ళీ పనిచేస్తుంది.

వీటన్నిటి కంటె ముఖ్యమైన విషయం మరొకటి ఉన్నది. చలనచిత్ర గీతాలను భద్రపరచడానికి పెద్ద సంస్థలు ఉన్నాయి. ఊరి పాటకు అటువంటి రక్షకులు అరుదు. ఒకవైపు తోలు మూసి, దాని నడుమ నుండి లాగిన తీగను మీటుతూ చెప్పే జముకుల కథ, రొమ్ముపై రేకు గుళ్ళు కట్టుకొని ఆడిపాడే తప్పెటగుళ్ళు ఉత్తరాంధ్ర కళలు. ఖాళీ సీడీపై కంప్యూటరుతో రికార్డు చేసుకొనే వీలు చిన్న పట్టణాలకు అందిన కాలంలో గ్రామదేవతల సంబరాలు, హరికథలు, భజనలు, పెళ్ళి పాటలు ఆ పలకలపైకి ఎక్కాయి. వాటిలో అనేకం ఏ స్ట్రీమింగు సేవకూ చేరలేదు. పాడిన పెద్దలు గతించిన ఇళ్ళలో వారి గొంతుకు మిగిలిన ఆధారం బీరువాలోని ఆ ఒక్క సీడీయే కావచ్చు. కనుక సీడీ విలువ దుకాణంలో కంటె ఇంటిలోనే ఎక్కువ.

అయితే సీడీ శాశ్వతమని భావించరాదు. కర్మాగారంలో అచ్చయిన సీడీలు దశాబ్దాలు నిలుస్తాయి. ఇంటిలో రికార్డు చేసిన సీడీలలో సమాచారం రంగుపూతపై ఉంటుంది. వేడి, తేమ, ఎండ తగిలితే ఆ పూత చెడిపోతుంది. కడలి తీరపు తేమగాలి వీటికి హితమైనది కాదు. పేరు రాసే పైభాగమే సీడీలో మిక్కిలి సున్నితమైనది. మెరిసే లోహపు పొర ఆ వైపున పలుచని పూత కిందనే ఉంటుంది. కనుక దానిపై గట్టి కలముతో రాయరాదు, కాగితాలు అంటించరాదు. తుడిచేటప్పుడు చుట్టూ తిప్పక, నడుమ నుండి అంచుకు తుడవాలి.

తాళపత్రాల చరిత్ర ఈ సందర్భంలో స్మరణీయం. నన్నయ కాలపు తాటాకులపై ఆధారపడి మహాభారతం మనకు చేరలేదు. ఆకు శిథిలం కాకముందే ఎవరో ఒక లేఖకుడు కొత్త ఆకుపై ప్రతి తీయడం వలన అది వెయ్యేళ్ళు నిలిచింది. గ్రియర్సన్ పర్యవేక్షించిన భాషా సర్వేక్షణలో భాగంగా గ్రామఫోను పలకలపై నిలిపిన శతాబ్దం నాటి తెలుగు గొంతులు నేడు అంతర్జాలంలో వినబడుతున్నాయంటే, పలక నుండి కంప్యూటరుకు ప్రతి తీసినవారి శ్రమయే కారణం. శ్రీముఖలింగం సమీపాన 1863లో జన్మించిన గిడుగు వేంకట రామమూర్తి సవరల భాషను నేర్చి, వారి కథలను, పాటలను అక్షరబద్ధం చేశారు. ఆనాడు ఆయనకు కాగితం, కలం మాత్రమే సాధనాలు.

నేటి యువతకు అంతకంటె సులభమైన సాధనాలు ఉన్నాయి. ఇంటిలోని పాత సీడీని కంప్యూటరులోకి ఎక్కించడానికి కొద్ది నిమిషాలు చాలు. పాడినవారి పేరు, ఊరు, సందర్భం, సంవత్సరం రాసి ఉంచాలి. అవి లేని పాట చిరునామా లేని ఉత్తరం వంటిది. ఒక ప్రతిని ఇంటిలో, మరొక ప్రతిని దూరాన ఉన్న బంధువుల వద్ద ఉంచితే ఒక్క తుపానుకు రెండూ నశించవు. పాడినవారి లేదా వారి కుటుంబం వారి అనుమతి పొంది అంతర్జాలంలో ఉంచితే పదిమందీ వింటారు. ఆ తరువాత కూడా మూలమైన సీడీని పారవేయరాదు. ప్రతిలో లోపం కనిపించిన నాడు సరిచూసుకోవడానికి అదే ఆధారం. వినడానికి స్ట్రీమింగు, ముచ్చట తీరడానికి వినైల్ ఉండవచ్చు. ఇంకా ఎవరూ ప్రతి తీయని పాటకు మాత్రం ఆ సీడీ ఒక్కటే దిక్కు.