పిల్లల్ని కనమంటే కంటారా?

జపాన్‌లో 1965లో 18 లక్షల పైచిలుకు పిల్లలు పుట్టారు. మరుసటి ఏడాది ఆ సంఖ్య 13.6 లక్షలకు పడిపోయింది. 1967లో మళ్లీ 19 లక్షలు దాటింది. యుద్ధం లేదు, కరువు లేదు, ఏ మహమ్మారీ రాలేదు. 1966 వాళ్ల పంచాంగంలో ‘అగ్ని అశ్వ’ సంవత్సరం, అంతే. ఆ ఏట పుట్టిన ఆడపిల్ల మొగుణ్ని మింగేస్తుందని నమ్మకం. పదిహేడో శతాబ్దంలో ప్రియుణ్ని మళ్లీ కలుసుకోవచ్చన్న ఆశతో నిప్పుపెట్టి, మంటల్లోనే మరణశిక్ష అనుభవించిన కూరగాయల వర్తకుడి కూతురు ఓషిచి అలాంటి ఏడాదిలోనే పుట్టిందని చెప్పుకుంటారు.

మనం నవ్వుకోవాల్సిన పనేం లేదు. మూలా నక్షత్రం పిల్ల అనగానే మామగారికి గండమంటూ జాతకం తిప్పి పంపేసే ఇళ్లు ఇక్కడా ఉన్నాయి. కాకపోతే జపాన్‌వాళ్లు పెళ్లిచూపుల దాకా ఆగలేదు, అసలు కనడమే మానేశారు. పుట్టేసిన ఆడపిల్లల తేదీని ముందటి డిసెంబరుకో, తర్వాతి జనవరికో జరిపి రాయించినవాళ్లూ ఉన్నారు. అరవై ఏళ్ల చక్రం మనకూ ఉంది: 1966 మనకు పరాభవ నామ సంవత్సరం. 2026లో మళ్లీ మనకు పరాభవ, వాళ్లకు అగ్ని అశ్వం.

అదే 1966లో రొమేనియాలో కథ తలకిందులు. చౌషెస్కు ప్రభుత్వం అక్టోబరులో గర్భస్రావాన్ని దాదాపు నిషేధించింది. స్త్రీకి సగటున 1.9 ఉన్న కాన్పులు మరుసటి ఏడాదికల్లా 3.7 అయ్యాయి. ఆ పొంగు నిలవలేదు. జనం దొంగదారులు వెతుక్కున్నారు, ఆ దారుల్లో ఎందరో తల్లులు ప్రాణాలు పోగొట్టుకున్నారు.

ఇటలీ నియంత ముసోలినీ పిల్లలు పెరగాలని 1927లో పెళ్లికాని మగవాళ్ల మీద పన్ను వేశాడు. ఆడవాళ్లకు లేదు.

పెళ్లికీ పిల్లలకూ ఉన్న ముడి అన్నిచోట్లా ఒకేలా లేదు. పెళ్లికాని తల్లులకు పుట్టే పిల్లలు ఫ్రాన్స్‌లో సగానికి పైమాటే. జపాన్‌లో నూటికి రెండు మూడుకు మించరు. అంటే జపాన్‌లో పెళ్లి వద్దనుకుంటే దాదాపుగా పిల్లలూ వద్దనుకున్నట్టే. 2021 సర్వేలో 18–34 ఏళ్ల బ్రహ్మచారుల్లో 17.3 శాతం జన్మలో పెళ్లి చేసుకోబోమన్నారు.

తెలుగు రాష్ట్రాల తీరు దీనికి పూర్తిగా వేరు. ఇక్కడ పెళ్లి మీద మోజు తగ్గలేదు, పిల్లలు మాత్రం తగ్గారు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో స్త్రీకి సగటున ఆంధ్రప్రదేశ్‌లో 1.7, తెలంగాణలో 1.8 మంది పిల్లలు. జనాభా తరగకుండా ఉండాలంటే 2.1 కావాలి. అదే సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో 20–24 ఏళ్ల స్త్రీలలో 29 శాతం మందికి పద్దెనిమిది నిండకముందే పెళ్లయిపోయింది. చిన్న వయసులో పెళ్లి, వెంటవెంటనే రెండు కాన్పులు, రెండోది కాగానే అదే ఆసుపత్రిలో ఆపరేషన్. కుట్లు విప్పించుకుని ఇంటికొచ్చేసరికి పాతికేళ్లు నిండని తల్లులెందరో. ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయిన స్త్రీలలో దాదాపు 70 శాతం ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే. మగవాళ్ల ఆపరేషన్లు నూటికి ఒకటి కూడా లేవు. ‘ఇద్దరు ముద్దు’ నినాదం బరువంతా ఎవరు మోశారో ఈ అంకెలే చెబుతాయి.

ఇద్దరికి మించి పిల్లలుంటే పంచాయతీ ఎన్నికల్లో నిలబడకూడదని 1994 చట్టం. 2024 నవంబరులో ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఆ నిబంధన ఎత్తేసింది. అంతకు నెల ముందే, ఇద్దరికి మించి ఉన్నవాళ్లే పోటీ చేసేలా చట్టం తెచ్చే ఆలోచన ఉందన్నారు ముఖ్యమంత్రి చంద్రబాబు. జనాభా తగ్గించేందుకు 1997లో రాష్ట్రం విధానం ప్రకటించినప్పుడూ ముఖ్యమంత్రి ఆయనే.

2025 మార్చిలో విజయనగరం ఎంపీ కలిశెట్టి అప్పలనాయుడు మూడో బిడ్డ ఆడపిల్లయితే 50,000 రూపాయలు, మగపిల్లాడయితే ఆవు ఇస్తానన్నారు. ఆ సొమ్ము ఏ కార్పొరేట్ స్కూల్లోనైనా ఎల్‌కేజీ దాటిస్తుందా అని అడగబుద్ధవుతుంది.

దక్షిణ కొరియాలో బూయంగ్ అనే నిర్మాణ సంస్థ 2024లో ఉద్యోగులకు బిడ్డకు 10 కోట్ల వొన్లు, మన లెక్కలో సుమారు 60 లక్షలు, ఇవ్వడం మొదలుపెట్టింది. 2023లో స్త్రీకి సగటున 0.72 మందికి దిగజారిన ఆ దేశపు పిల్లల సంఖ్య 2024లో 0.75 అయింది, తొమ్మిదేళ్లలో మొదటి పెరుగుదల. అదే ఏడాది పెళ్లిళ్లు 14.8 శాతం పెరిగాయి.