ఆటల ప్రోగ్రామింగుకు మంచి పుస్తకాన్ని ఎంచుకోవడం ఎలా?



పుస్తక సహాయం కోసం మన ట్రస్టుకు వచ్చే దరఖాస్తులను నేను చూస్తుంటాను. కంప్యూటర్ గేములు తయారుచేయడం నేర్పే పుస్తకాలు కావాలని దహావీ, బారావీ, డిప్లొమా పిల్లలు కొందరు అడుగుతుంటారు. ఆసక్తి మంచిదే. కానీ అడిగే పుస్తకాలలో కొన్ని ఇప్పుడు పనికిరానివి, కొన్ని ఆ వయసుకు మించినవి. కార్ఖానా కూలీలోంచి తీసిన డబ్బు వృథా కాకూడదు. అంతకన్నా పెద్ద నష్టం ఇంకొకటుంది. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చేసినా ప్రోగ్రాం నడవకపోతే, "ఇది నాకు రాదు" అని పిల్లలు మానేస్తారు. లోపం పుస్తకానిది, నిరుత్సాహపడేది విద్యార్థి.

ప్రోగ్రామింగ్ అంటే మన పేటలకు పరాయి విద్య అని తల్లిదండ్రులు భయపడనక్కరలేదు. సోలాపూర్ చద్దరు మీద పువ్వులు తెచ్చిన జకార్డు అట్టలను గుర్తు తెచ్చుకోండి. అట్టలో రంధ్రం ఉన్నచోట పడుగు పోగు లేస్తుంది, లేనిచోట లేవదు. ఒక్కో అట్ట ఒక్కో పేకకు ఆజ్ఞ. ఫ్రాన్సులో జకార్డ్ ఈ యంత్రాన్ని 1804 ప్రాంతంలో రూపొందించారు. ఇంగ్లండులో చార్లెస్ బాబేజ్ తాను తలపెట్టిన గణన యంత్రానికి ఇవే అట్టలను వాడుకోవాలనుకున్నారు. ఆ యంత్రం గురించి 1843లో ఆడా లవ్‌లేస్ రాసిన వివరణలను తొలి ప్రోగ్రామింగ్ రచనలలో ఒకటిగా లెక్కిస్తారు. చద్దరు మీద పువ్వు చెడితే ఏ అట్ట తప్పిందో వెదుకుతాం కదా, ప్రోగ్రాంలో తప్పు వెదకడమూ అలాంటి పనే.

ఇక పుస్తకం కొనేముందు చూడవలసిన విషయాలు నాలుగు.

1) సంవత్సరం, వెర్షన్. ముందు పేజీలలో ముద్రణ సంవత్సరం, వాడిన సాఫ్ట్‌వేర్ వెర్షన్ చూడండి. ఫ్లాష్ మీద గేములు నేర్పే పుస్తకాలు ఒకప్పుడు బాగా అమ్ముడయ్యాయి. అడోబీ సంస్థ 2020 డిసెంబరు 31తో ఫ్లాష్ ప్లేయర్‌కు మద్దతు ఆపేసింది. మైక్రోసాఫ్ట్ 2006లో తెచ్చిన ఎక్స్‌ఎన్‌ఏ కూడా ఆగిపోయింది. పైథాన్ 2కు 2020 జనవరి 1తో మద్దతు ముగిసింది. పైథాన్ పుస్తకంలో ప్రింట్ అనే ఆజ్ఞ తర్వాత బ్రాకెట్లు లేకపోతే అది పాత పైథాన్ అని తెలుసుకోండి. గొడో అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌కు 2023లో నాలుగో వెర్షన్ వచ్చింది. మూడో వెర్షన్ పుస్తకంలోని ప్రోగ్రాములు చాలావరకు మార్పులు లేకుండా అందులో నడవవు. పాత పుస్తకాల దుకాణంలో సగం ధరకు వచ్చిందని తొందరపడవద్దు.

2) మీకు అందుబాటులో ఉన్న కంప్యూటర్. త్రీ డీ గేముల సాఫ్ట్‌వేర్‌కు ఎక్కువ మెమరీ, మంచి గ్రాఫిక్స్ కావాలి. పైథాన్ పాత కంప్యూటర్ మీద కూడా నడుస్తుంది. ఇంట్లో, కాలేజీలో ఏది ఉందో దానికి తగిన పుస్తకమే కొనండి.

3) మొదటి గేము ఎన్నో అధ్యాయంలో పూర్తవుతుంది? విషయసూచిక చూస్తే తెలుస్తుంది. మొదటి నాలుగైదు అధ్యాయాలలో చిన్నదైనా సరే, ఒక ఆట పూర్తికావాలి. కంప్యూటర్ మనసులో అనుకున్న సంఖ్యను ఊహించి చెప్పే ఆట చాలు. అందులోనే ఆటగాడి జవాబు తీసుకోవడం, సరిచూడడం, ఫలితం చూపించడం, మళ్లీ మొదటికి రావడం ఉన్నాయి. ప్రతి గేముకూ పునాది ఈ చుట్టే. పెద్ద గేములలో ఇది సెకనుకు 30 నుంచి 60 సార్లు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువగా తిరుగుతుంది.

4) వివరణ. ఏదో ఒక పేజీ తెరిచి, ప్రోగ్రాం ఉన్న భాగాన్ని చేత్తో మూసి, మిగిలినది చదవండి. ఎందుకలా రాశారో మాటల్లో తెలిస్తే మంచి పుస్తకం. ఉదాహరణకు రెండు బంతులు తగిలాయో లేదో తెలుసుకోవాలి. ఒకదాని కేంద్రం నుంచి మరొకదాని కేంద్రం అడ్డంగా 30, నిలువుగా 40 చుక్కల దూరంలో ఉంటే, పైథాగరస్ సిద్ధాంతం ప్రకారం వాటి మధ్య దూరం 50. వ్యాసార్ధాలు 20, 25 అయితే మొత్తం 45. 50 కన్నా తక్కువ కాబట్టి తగలలేదు. మంచి పుస్తకం ఇంత విడమరచి చెబుతుంది. బడిలో నేర్చిన లెక్కలు ఇక్కడ అక్కరకొస్తాయి, కనుక గణితాన్ని వదలకండి.

ఈ నాలుగూ సరిపోయే పుస్తకం ఒకటి చెబుతాను. అల్ స్వైగార్ట్ రాసిన "ఇన్వెంట్ యువర్ ఓన్ కంప్యూటర్ గేమ్స్ విత్ పైథాన్". సంఖ్య ఊహించే ఆటతో మొదలై, బొమ్మలు కదిలే ఆటల దాకా తీసుకెళుతుంది. రచయిత తన వెబ్‌సైట్‌లో దీన్ని ఉచితంగా చదువుకోనిస్తున్నారు. ముందు అక్కడ చదివి, నచ్చితేనే కొనండి. సొంతంగా రెండు మూడు ఆటలు తయారుచేశాక రాబర్ట్ నైస్ట్రమ్ రాసిన "గేమ్ ప్రోగ్రామింగ్ పాటర్న్స్" (2014) చదవవచ్చు. అదీ వెబ్‌సైట్‌లో ఉచితమే. జేసన్ గ్రెగరీ రాసిన "గేమ్ ఇంజిన్ ఆర్కిటెక్చర్" వెయ్యి పేజీలు దాటిన గొప్ప గ్రంథం. అయితే అది ఇంజనీరింగులో సీ ప్లస్ ప్లస్ బాగా వచ్చిన తర్వాత చదవవలసినది.

ఇవన్నీ ఇంగ్లీషు పుస్తకాలు. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ అయిన మన పిల్లలకు మొదట నెమ్మదిగానే సాగుతుంది. రోజుకు రెండు పేజీలు చాలు. ప్రోగ్రాంను కాపీ చేసి అతికించకుండా స్వయంగా టైపు చేయండి. నడిచాక ఒక అంకె మార్చి ఏం జరుగుతుందో చూడండి.

తల్లిదండ్రులకు ఒక మాట. పిల్లలు గేములు ఆడుతున్నారా, తయారుచేస్తున్నారా అన్న అనుమానం సహజం. వారానికోసారి "ఈ వారం ఏం తయారుచేశావు? చూపించు" అని అడగండి. దానికి ఇంగ్లీషు రానక్కరలేదు. గేము కంపెనీలో ఉద్యోగం వస్తుందని ఏ పుస్తకమూ హామీ ఇవ్వలేదు. అయితే ఇక్కడ అలవడిన క్రమపద్ధతి ఏ సాఫ్ట్‌వేర్ పనికైనా ఉపయోగపడుతుంది.

పుస్తక సహాయం కోరేవారు దరఖాస్తులో పుస్తకం పేరు, ముద్రణ సంవత్సరం, సాఫ్ట్‌వేర్ వెర్షన్, మీరు వాడే కంప్యూటర్ వివరాలు తప్పక రాయవలసిందిగా మనవి.