'బావుంది' అంటే సరిపోతుందా?

'సినిమా ఎలా ఉందొదినా?'

'ఆఁ... బావుంది.'

'చూడొచ్చంటావా?'

'చూడొచ్చు. సెకండాఫే కాస్త లాగాడు.'

అంతే! రెండున్నర గంటల సినిమా రెండు ముక్కల్లో తేలిపోయింది. ఆ తర్వాత మాట కూర మీదికో, కరెంటు బిల్లు మీదికో మళ్లిపోతుంది. చాలా ఇళ్లలో సినిమా కబుర్లు ఇంతకు మించి సాగవు. ఒకవేళ సాగినా హీరో డ్యాన్సు, హీరోయిన్ చీరలు, ఎన్ని కోట్లు వసూలయ్యాయన్న లెక్కల దగ్గరే ఆగిపోతాయి.

'సినిమాయే కదా, దానిక్కూడా ఇంత చర్చా?' అనకండి. మనం ఏదో యథాలాపంగా అనే మాట తెర మీది పాత్ర గురించే కావచ్చు. కానీ ఆ మాట వినేది పక్కన కూర్చున్న మనిషి. 'తప్పంతా ఆ పిల్లదే' అని మనం తీర్పు చెప్పేస్తే తెర మీది పిల్లకి వచ్చే నష్టమేమీ లేదు. సోఫాలో ఓ మూల ఫోను చూసుకుంటున్నట్టు కనబడే మన పిల్ల మాత్రం ఆ మాటని మనసులో దాచుకుంటుంది. రేపు తనకే అలాంటి కష్టం వస్తే అమ్మకి చెప్పాలా, వద్దా అన్నది అప్పుడే తేల్చేసుకుంటుంది.

మరీ పెద్ద మాటలా ఉందా? ఈ మధ్య మనవాళ్లంతా చూసిన నాలుగైదు సినిమాలనే తీసుకుని చూద్దాం. ఇంకా చూడనివాళ్లకి కథ కొంత తెలిసిపోతుంది మరి, ముందే చెబుతున్నాం!

'అంత చదువుకుని ఆ మాత్రం తెలీదా?'

2025 నవంబరులో వచ్చిన 'ది గర్ల్‌ఫ్రెండ్' చూశారా? రాహుల్ రవీంద్రన్ దర్శకుడు. ఇందులో రష్మిక వేసిన పాత్ర పేరు భూమాదేవి. ఎమ్మే ఇంగ్లిషు చదువుతుంటుంది. విక్రమ్ అనే అబ్బాయి ప్రేమంటూ ఆమె జీవితంలోకి వస్తాడు. ఆ అమ్మాయి నోరారా 'సరే' అన్నదీ లేదు, గట్టిగా 'వద్దు' అన్నదీ లేదు. చూస్తుండగానే ఆమె రోజంతా అతని చేతుల్లోకి వెళ్లిపోతుంది.

ఈ సినిమా చూశాక ఇళ్లలో ఎక్కువగా వినబడే మాటలు మీకూ తెలుసు. 'అంత చదువుకుని ఆ మాత్రం తెలీదా?' 'మొదట్లోనే చెప్పేస్తే పోయేదిగా!' 'ప్రేమ ఉండబట్టేగా అంతలా పట్టించుకున్నాడు!' ఇవన్నీ పైకి మామూలు మాటలే. కానీ కాలేజీకి వెళ్లే అమ్మాయి ఆ గదిలోనే ఉంటే? తెలివైనవాళ్లు ఇలా ఇరుక్కోరనీ, ఇరుక్కుంటే అది తమ తెలివితక్కువతనమేననీ ఆ పిల్లకి అర్థమవుతుంది. ఇక నోరెలా విప్పుతుంది?

అదే మాటని కాస్త తిప్పి అడిగి చూడండి. 'ఆ పిల్ల మొదట్లోనే ఎందుకు చెప్పలేకపోయిందంటావే?' అంటే చాలు. తీర్పు చెబితే మాట అక్కడితో ఆగిపోతుంది. ప్రశ్న అడిగితే అవతలివాళ్లకి చెప్పే వీలు దొరుకుతుంది. అమ్మాయి వెంటనే చెప్పకపోవచ్చు. రెండ్రోజులు పోయాక, మీరు వంటింట్లో చపాతీలు వత్తుతున్నప్పుడు వచ్చి చెప్పొచ్చు. ఆ దారి తెరిచి ఉంచడమే మనం చేయాల్సింది.

ఇదే సినిమాలో విక్రమ్ తల్లిగా రోహిణి కనిపిస్తారు. ఉన్నది కాసేపే, మాటలూ తక్కువే. అయినా ఆవిడ ముఖం మర్చిపోలేం. 'ఆవిణ్ని చూస్తే మీకెవరు గుర్తొచ్చారత్తయ్యా?' అని అడిగి చూడండి. పెళ్లయిన ఇన్నేళ్లలో మీరెప్పుడూ వినని సంగతులు ఆ పూట మీ అత్తగారి నోట వినొచ్చు!

అబ్బాయిలూ వింటుంటారు

ఆడపిల్లల సంగతి సరే, మగపిల్లల మాటేమిటి? 2025 మార్చిలో వచ్చిన 'కోర్ట్' చూసి ఎంతమంది ఇళ్లలో కొడుకుతో నాలుగు మాటలు మాట్లాడి ఉంటారు?

రామ్ జగదీష్ తీసిన ఈ సినిమా కథ 2013లో విశాఖపట్నంలో జరుగుతుంది. పందొమ్మిదేళ్ల పేదింటి కుర్రాడు చందు. పదిహేడేళ్ల కలిగినింటి అమ్మాయి జాబిలి. ఇద్దరూ ఇష్టపడతారు. అమ్మాయి ఇంట్లో పెత్తనం చేసే మంగపతికి అది పరువు సమస్య అయిపోతుంది. పలుకుబడి అడ్డం పెట్టుకుని కుర్రాడి మీద పోక్సో కేసు పెట్టిస్తాడు. ఆ పాత్రలో శివాజీని చూసి పళ్లు కొరకని ఆడవాళ్లు లేరు.

పిల్లల్ని లైంగిక వేధింపుల నుంచి కాపాడటానికి 2012లో వచ్చిన చట్టం పోక్సో. దీని ప్రకారం పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లంతా పిల్లలే. వాళ్లు ఇష్టపడ్డారా లేదా అన్నదాన్ని చట్టం లెక్కలోకి తీసుకోదు. నిజంగా పిల్లల్ని హింసించేవాళ్ల విషయంలో ఈ చట్టం ఎంతో అవసరం. దాన్నే కక్షకి వాడుకుంటే ఏమవుతుందో ఈ సినిమాలో చూపించారు. మరి మన ఇంట్లో ఇంటర్ చదివే అబ్బాయికి ఈ చట్టం ఉందని తెలుసా? అమ్మాయికి తెలుసా? అసలు మనకి తెలుసా?

నాన్న సినిమా చూసి 'అలాంటి పిల్లని ఇంట్లో కట్టి పడేయాలి' అంటే కొడుకు ఒకటి నేర్చుకుంటాడు. 'ఆ మంగపతి బెదిరిస్తుంటే ఇంట్లో ఒక్కరైనా నోరెత్తాల్సింది' అంటే ఇంకొకటి నేర్చుకుంటాడు. పాఠం చెబుతాం కూర్చోమంటే పిల్లలు కూర్చోరు. సినిమా కబుర్లయితే లేచి వెళ్లమన్నా వెళ్లరు!

'నాకంత తెలీదండీ...'

ఇంకో చిత్రం గమనించారా? ఒకే సినిమా చూసొచ్చాక శ్రీవారు 'స్క్రీన్‌ప్లే దెబ్బతింది' అంటే అది అభిప్రాయం. మనం 'నాకు ఏడుపొచ్చింది' అంటే అది ఆడవాళ్ల మెతకదనం! పైగా మనమే ముందుగా 'నాకంత తెలీదనుకోండి' అని ఓ మాట తగిలించి మరీ మొదలుపెడతాం.

2024 సెప్టెంబరులో వచ్చిన '35: చిన్న కథ కాదు' గుర్తుందా? నందకిషోర్ ఈమాని తీసిన ఈ కథ తిరుపతిలో నడుస్తుంది. అరుణ్‌కి లెక్కలు రావు. సున్నాకి విలువ లేదంటున్నారు కదా, మరి 1 పక్కన అదే సున్నా పెడితే 9 కన్నా పెద్దదెలా అవుతుందన్నది వాడి అనుమానం. మాస్టారికి అది మొండితనంలా కనిపిస్తుంది. వాళ్లమ్మ సరస్వతి పదో తరగతి తప్పింది. కొడుకుకి కనీసం 35 మార్కులు రావాలని తనే మళ్లీ పుస్తకం పడుతుంది. ఆ పాత్ర వేసిన నివేదా థామస్‌కి 2024 సంవత్సరానికి ఉత్తమ నటిగా తెలంగాణ ప్రభుత్వ గద్దర్ పురస్కారం వచ్చింది.

'నాకేం తెలుసు' అనుకునే ఓ గృహిణి 'తెలుసుకుంటాను' అనుకోవడమే ఈ సినిమాకి ప్రాణం. దాన్ని చూసొచ్చి కూడా 'నాకంత తెలీదండీ' అంటే ఎలా? ఏడుపొచ్చిందంటే అది మొదటి మాట. ఎక్కడ వచ్చింది? మాస్టారు పిల్లాణ్ని చిన్నబుచ్చినప్పుడా, అమ్మ పుస్తకం తెరిచినప్పుడా? ఎందుకొచ్చింది? మీ చదువు ఎక్కడ ఆగిపోయిందో గుర్తొచ్చిందా? ఆ 'ఎందుకు' కూడా కలిపి చెప్పి చూడండి. ఏ సమీక్షకీ తీసిపోదు.

ఊరంతా కూర్చుని చూశారు

'ఇవన్నీ మాట్లాడితే ఏమవుతుంది, మనుషులు మారిపోతారా?' అంటే... 2023 మార్చిలో విడుదలైన 'బలగం' సంగతి చెప్పుకోవాలి. వేణు యెల్దండి తీసిన ఆ సినిమాలో బావా బావమరుదుల గొడవ దేనికో తెలుసుగా? భోజనాల దగ్గర నల్లిబొక్క కోసం! దాంతో ఆడబిడ్డ పుట్టింటికి ఏళ్ల తరబడి దూరమైపోతుంది. తాత కొమురయ్య పోయాక పెట్టిన పిండాన్ని కాకి ముట్టదు.

తెలంగాణ పల్లెల్లో తెరలు కట్టి ఊరంతా నేల మీద కూర్చుని ఆ సినిమా చూశారు. చూశాక, మాటల్లేని అన్నదమ్ములు కలిసిపోయారన్న వార్తలు అప్పట్లో పేపర్లలో వచ్చాయి. ఒక్క సినిమాకి అంత శక్తి ఎలా వచ్చింది? ఎవరి గదిలో వాళ్లు చూసుంటే వచ్చేదా? పక్కపక్కనే కూర్చుని, ఒకళ్ల కన్నీళ్లు ఒకళ్లు చూసుకుని, 'మనదీ అంతే కదరా' అనుకోబట్టే వచ్చింది.

'మీ చెల్లెలికి ఒక్కసారి ఫోన్ చేయకూడదూ?' అని సూటిగా అంటే శ్రీవారికి కోపం రావచ్చు. 'పాపం ఆ లక్ష్మి పుట్టింటి కోసం ఎంత అల్లాడిపోయిందండీ' అంటే ఎవరికీ కోపం రాదు. చెప్పాల్సింది చెప్పినట్టే ఉంటుంది, ఎవరి మనసూ నొచ్చుకోదు. సినిమా కబుర్లతో ఉన్న సుఖం ఇదే!

అలాగని ప్రతి సినిమాలోనూ నీతి వెతుక్కోమని కాదు సుమా. 2025 సంక్రాంతికి 'సంక్రాంతికి వస్తున్నాం' చూసి అందరూ హాయిగా నవ్వుకున్నారు. అందులో భార్య భాగ్యలక్ష్మికీ, భర్త పాత ప్రియురాలు మీనాక్షికీ మధ్య వెంకటేష్ నలిగిపోతుంటే, 'మీకూ ఎక్కడైనా ఓ మీనాక్షి ఉందేమిటండీ?' అని శ్రీవారిని ఆటపట్టించనిదెవరు? అదీ సంభాషణే!

చెవుల్లో ఇయర్‌ఫోన్లు

ఒకప్పుడు మ్యాట్నీకి వెళ్లాలంటే వీధిలోని నలుగురు ఆడవాళ్లూ కలిసి బయల్దేరేవారు. లేడీస్ క్యూలో నిలబడి టిక్కెట్లు తీసుకునేవారు. సినిమా అయ్యాక ఇంటికి నడిచొచ్చే దారంతా అవే కబుర్లు. రాలేకపోయిన పక్కింటావిడకి మర్నాడు బియ్యం ఏరుతూ కథంతా పాటలతో సహా చెప్పాల్సిందే!

ఇప్పుడు ఓటీటీలొచ్చాయి. పనులు తెముల్చుకుని ఏ రాత్రి పదింటికో చూసుకునే వీలు కలిగింది, కాదనలేం. కానీ నాన్న హాల్లో, అమ్మాయి గదిలో, అబ్బాయి మేడ మీద... ఎవరి చెవుల్లో వాళ్లకి ఇయర్‌ఫోన్లు. ఒకే సినిమాని ముగ్గురు మూడు రోజుల్లో చూస్తారు. ఒకరితో ఒకరు మాత్రం ఒక్క ముక్క మాట్లాడుకోరు. పైగా సినిమా చూడకముందే ఫోన్లో ఎవరో ఇచ్చిన రేటింగు చూసి అదే మన అభిప్రాయం అనేసుకుంటున్నాం.

ఇలా చేసి చూడండి

* వారానికో పదిహేను రోజులకో ఒక్క సినిమా అయినా ఇంటిల్లిపాదీ కలిసి చూడండి. ఏది చూడాలో ఒక్కోసారి ఒక్కరు ఎంచాలి. ఆ వంతుల్లో మీ పేరు మర్చిపోకండి!

* 'ఎలా ఉంది?' అని అడిగితే 'బావుంది' అనే జవాబొస్తుంది. 'ఏ సీను గుర్తుండిపోయింది?', 'ఎవరి మీద కోపమొచ్చింది?', 'నువ్వయితే ఏం చేసేదానివి?' అని అడగండి.

* పిల్లల్ని ముందు మాట్లాడనివ్వండి. పెద్దవాళ్లు తీర్పు చెప్పేశాక వాళ్లిక నోరు విప్పరు.

* రేటింగులూ, రివ్యూలూ సినిమా చూశాక చదవండి. మీ మాటతో కలిసిందా లేదా చూసుకోవడం సరదాగా ఉంటుంది.

* చిన్నపిల్లలతో చూస్తున్నప్పుడు సర్టిఫికెట్ మీద ఓ కన్నేయండి. 2024 నుంచి యూఏలోనే 7+, 13+, 16+ అని విడివిడిగా ఇస్తున్నారు. ఆ వయసు లోపు పిల్లలు చూడొచ్చా లేదా అన్నది తల్లిదండ్రులే తేల్చుకోవాలి.

* ఓ ఆట ఆడండి. సినిమాలో పేరున్న ఆడపాత్రలు కనీసం రెండున్నాయా? ఆ ఇద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకున్నారా? ఆ మాటలు మగవాడి గురించి కాకుండా వేరే దేని గురించైనా ఉన్నాయా? అమెరికన్ కార్టూనిస్టు ఆలిసన్ బెక్డెల్ 1985లో తన బొమ్మల కథలో వేసిన ప్రశ్నలకి దగ్గరివే ఇవి. ఎన్ని సినిమాలు తప్పుతాయో చూస్తే మీరే ఆశ్చర్యపోతారు!

* అభిమాన హీరో సినిమా అయినా సరే, నచ్చకపోతే నచ్చలేదని చెప్పండి. ఎందుకు నచ్చలేదో కూడా చెబితే గొడవ రాదు. ఎదుటివాళ్లకి నచ్చితే వాళ్ల కారణమూ వినండి.

* చూడనివాళ్లకి మాత్రం ముగింపు చెప్పేయకండి. ఆ పాపం మూటగట్టుకోవద్దు!

ఈ ఆదివారం ఏం చూస్తున్నారు? సినిమా అయిపోగానే గిన్నెలు సర్దడానికి లేవకండి, అవెక్కడికీ పోవు. టీవీ కట్టేసి, ఓ పది నిమిషాలు అక్కడే కూర్చోండి. ఎవరో ఒకరు మొదలుపెడతారు. వాళ్లు చెప్పేది పూర్తయ్యేదాకా అడ్డం వెళ్లకండి.