కెమెరా ఎవురి చేతిలో ఉండాది?

మన పిలకాయల ఫోన్లలో ఒక రకం వీడియోలు బాగా తిరుగుతా ఉండాయి. గూడూరు, కావలి మధ్య రైల్లోనో, టోల్‌గేటు కాడో, రొట్టెల పండగప్పుడు స్వర్ణాల చెరువు గట్టు మీదో ఒక హిజ్రా కనబడితే చాలు, ఫోను పైకి లేస్తది. ఆమె చప్పట్లు కొట్టిందీ, తిట్టిందీ మాత్రం తీస్తారు. అంతకు ముందు వీళ్లు ఆమెని ఏమని ఎగతాళి చేసినారో అందులో ఉండదు. పైన ఒక సినిమా పాట, కింద నవ్వు బొమ్మలు. సాయంత్రానికి ఊరంతా చూసేస్తది. "అక్కా, తీసుకోవచ్చా?" అని మాత్రం ఆమెని ఒక్కరూ అడగరు.

సరదాకే గదన్నా అంటారు. 2018 మే నెల గుర్తు చేసుకోండి. పిల్లల్ని ఎత్తకపోయేవాళ్లు తిరగతన్నారని వాట్సాప్‌లో పుకార్లు లేచినాయి. హైదరాబాదు చాంద్రాయణగుట్టలో జనం గుమిగూడి ఒక ట్రాన్స్ మహిళని కొట్టి చంపేసినారు. హిజ్రా అంటే భయపడాల్సిన మనిషి, లేకపోతే నవ్వాల్సిన మనిషి అని మన బుర్రలో ముందే ఎక్కించి పెట్టి ఉంటే, పుకారుకి పని సులువు.

ఎక్కించింది ఎవురు? సినిమాల్లో ఏళ్ల తరబడి 'తేడా' అనే మాట మీద కామెడీ నడిచింది. 2011లో 'కాంచన' వచ్చినప్పుడు హిజ్రా పడే కష్టం చూసి హాల్లో కళ్లు తుడుచుకున్నోళ్లు ఉండారు. మంచిదే. కానీ ఆ వేషం కట్టింది శరత్‌కుమార్. కథ వాళ్లదైనా తెర మీద వాళ్లు లేరు.

మరి నిజం మనుషుల్ని, నిజం బతుకుల్ని తీసే డాక్యుమెంటరీలో ఈ పేచీ ఉండదా అంటే, ఆడా ఉండాది. దీని మీద గట్టిగా అడిగినోళ్లలో అమెరికా నల్లజాతి ట్రాన్స్ మహిళలు ఉండారు.

'ప్యారిస్ ఈజ్ బర్నింగ్' అని 1990లో ఒక సినిమా వచ్చింది. న్యూయార్క్‌లో ఇళ్లలోంచి గెంటేసిన నల్లజాతి, లాటినో పేదోళ్లు, ట్రాన్స్ మహిళలు, గే కుర్రాళ్లు రాత్రిపూట 'బాల్' అని పోటీలు పెట్టుకునేవాళ్లు. ఒక్కో గుంపుని 'హౌస్' అంటారు, దానికొక 'మదర్' ఉంటది. మన హిజ్రాల్లో గురువు, చేలా వరస ఉన్నట్టే. తీసినామె జెన్నీ లివింగ్‌స్టన్, తెల్లామె. సినిమాకి పేరూ డబ్బూ వచ్చినాయి. అందులో కనబడినోళ్లు "మాకేం మిగిలింది?" అని అడిగినారు. కొందరు లాయర్ల కాడికి పోయినారు. ముందే కాయితాల మీద సంతకాలు పెట్టి ఉండారు గాబట్టి అవి నిలబడలా. ఆఖరికి 13 మందికి కలిపి దాదాపు 55 వేల డాలర్లు పంచినారు. తీసినామె చెడ్డదని కాదు నేననేది. ఆమె తీయకపోతే వాళ్ల మాటలు మనదాకా వచ్చేవి కావేమో. కానీ ఏది ఉంచాల, ఏది కొయ్యాల, డబ్బు ఎవురికి పోవాల అనేది కెమెరా ఉన్నోళ్ల చేతిలోనే ఉండిపోయింది.

2023లో 'కొకొమో సిటీ' వచ్చింది. తీసినామె డి. స్మిత్, తనే నల్లజాతి ట్రాన్స్ మహిళ. పాటల రంగంలో మంచి పేరున్న మనిషి, ట్రాన్స్‌నని బయటపడినాక పనులు పోయినాయి. తనే షూట్ చేసి, తనే ఎడిట్ చేసింది. ఒళ్లమ్ముకుని బతికే నలుగురు నల్లజాతి ట్రాన్స్ మహిళలు అందులో మాట్లాడతారు. జాలి అడగరు. నవ్వుతారు, తిడతారు, తమ దగ్గరికి వచ్చే మగోళ్ల గుట్టు విప్పుతారు. మనవాళ్లు మనల్ని అడిగితే మాట ఎట్టా వస్తదో అందులో తెలుస్తది. ఆ నలుగురిలో ఒకరైన కోకో డా డాల్‌ని అదే ఏడాది ఏప్రిల్‌లో అట్లాంటాలో కాల్చి చంపినారు. అప్పటికి సినిమా ఇంకా థియేటర్లకి రాలా.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. హిజ్రాల గురించి హైదరాబాదు సంస్థానంలో రాసిపెట్టుకున్నోళ్లు పోలీసులు. 1919 నాటి చట్టం వాళ్ల పేర్లు రిజిస్టరులో ఎక్కించమంది. ఆడబట్టల్లో కనబడితే వారంటు లేకుండానే పట్టుకోవచ్చంది. వైజయంతి వసంత మొగిలి వంటి వాళ్లు కోర్టుకి పోతే 2023 జులైలో తెలంగాణ హైకోర్టు దాన్ని కొట్టేసింది. వందేళ్లు పైబడి పట్టింది.

రిజిస్టరు పోయినంత మాత్రాన సొంత మాట రాదు, దాన్ని తెచ్చుకోవాల. తమిళనాడు నామక్కల్ వైపు పుట్టిన ఎ. రేవతి తన బతుకు తనే రాసుకుంది. పి. సత్యవతి దాన్ని 'ఒక హిజ్రా ఆత్మకథ'గా తెలుగు చేసినారు. ఆ అనువాదానికి 2019 సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. 2017లో హైదరాబాదు నుంచి 'ట్రాన్స్‌విజన్' అని యూట్యూబ్ ఛానల్ మొదలైంది. అందులో రచన ముద్రబోయిన లాంటి ట్రాన్స్ మహిళలే కూర్చోని తెలుగు, ఉర్దూ, కన్నడంలో సందేహాలు తీర్చినారు. అదే ఏడాది లీనా మణిమేకలై తీసిన డాక్యుమెంటరీలో ఇద్దరు ట్రాన్స్ స్నేహితులు చెన్నైలో అద్దె ఇంటికోసం తిరగతా ఉంటారు. నెల్లూరులో గది వెతుక్కునే హిజ్రా కథా అదే.

ఇంకొకటుంది. ఆడ నల్లరంగు ఎట్టానో, ఈడ కులం అట్టా. దళితవాడలో పుట్టిన ట్రాన్స్ మహిళకి రెండు బరువులు. ట్రాన్స్ వాళ్లకి ప్రతి కులం కోటాలోనూ విడిగా వాటా కావాలని గ్రేస్ బాను లాంటి దళిత ట్రాన్స్ నాయకురాలు కొట్లాడేది అందుకే.

2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆడ, మగ కాకుండా మూడో గడిలో ఎక్కినోళ్లు 43,769 మంది. చెప్పుకోడానికి అన్ని కథలున్నాయి. తీసేదానికి మీ దగ్గర ఫోన్లుండాయి. తీయొద్దని నేననను. ముందు అడగండి. వద్దంటే ఫోను జేబులో పెట్టుకోండి. "నువ్వు ఆడా మగా" అనే ప్రశ్న మానేసి, అద్దెకి ఇల్లు దొరికిందా, కలెక్టరు ఇచ్చే గుర్తింపు కార్డు వచ్చిందా, నెలకి 4 వేల పింఛను అందతందా అని అడగండి. వీడియోకి డబ్బులొస్తే ఆమెకీ వాటా ఇవ్వండి. ఎగతాళి వీడియో వస్తే ఇంకొకరికి పంపబాకండి. ట్రాన్స్ వాళ్లని మాటలతో వేధించినా ఆరు నెలల నుంచి రెండేళ్ల దాకా జైలని 2019 చట్టంలో రాసి ఉండాది.

తీసింది ఊరికి చూపించే ముందు ఆమెకి చూపించండి. ఆమె తీసెయ్యమన్న ముక్క తీసెయ్యండి.